బోరోహైడ్రైడ్, అయోడిన్‌లతో బి12హెచ్12: 3 గ్రాములు రావాల్సిన చోట 0.6 గ్రాములే. తప్పు ఏ మెట్టులో?

సాగర్‌నగర్:

అందరికీ నమస్కారం. సోడియం బోరోహైడ్రైడ్ నుంచి డోడెకాబోరేట్ డయానయాన్, అంటే పన్నెండు బోరాన్లు పంజరంలా కట్టుకున్న, రెండు ఋణావేశాలున్న బి12హెచ్12, చేస్తున్నాం. ల్యాబ్ విశాఖలోనే, సముద్రానికి దగ్గర్లో. దిగుబడి మరీ తక్కువగా ఉంది. చేసిన వరుస ఇది.

ఆర్‌బీ (గుండ్రటి అడుగున్న) ఫ్లాస్కులో 5.0 గ్రాముల బోరోహైడ్రైడ్, ద్రావణిగా 60 మిల్లీలీటర్ల డైగ్లైమ్, పైన నైట్రోజన్. 100 డిగ్రీలకి తెచ్చి, 40 మిల్లీలీటర్ల డైగ్లైమ్‌లో కరిగించిన 11.2 గ్రాముల అయోడిన్‌ని 40 నిమిషాల్లో వేశాం. వేస్తున్నంతసేపూ బబ్లర్ (బయటికొచ్చే వాయువుని ద్రవం గుండా పంపే పరికరం) చివర తెల్లటి పొగ కనిపించింది, అందులోని అసిటోన్ గోరువెచ్చన అయింది. తర్వాత ఆయిల్ బాత్ 165 డిగ్రీలు పెట్టి 12 గంటలు. డైగ్లైమ్ లాగేసి, నీళ్లు పోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కి తెచ్చి, రాత్రంతా వదిలేసి, పొద్దున వడగట్టి ట్రైఇథైల్‌అమీన్ వేశాం. వచ్చిన ఘనం 0.6 గ్రాములు. లెక్క ప్రకారం 3 గ్రాములు దాటాలి.

ఆమ్లం వేయకముందు తీసిన బోరాన్-11 ఎన్‌ఎమ్‌ఆర్‌లో (ఏ రకం బోరాన్లు ఉన్నాయో గీతలుగా చూపే స్పెక్ట్రమ్) మైనస్ 15 పీపీఎం దగ్గర చిన్న డబ్లెట్ (రెండు గీతలు), మైనస్ 30 దగ్గర చాలా గీతలున్న పెద్ద సిగ్నల్, మైనస్ 42 దగ్గర క్వింటెట్ (ఐదు గీతలు) ఉన్నాయి. చివరి ఘనంలో మైనస్ 15తో పాటు ప్లస్ 19 దగ్గర వెడల్పాటి గుట్ట. నెగటివ్ మాస్ స్పెక్ట్రమ్‌లో (ఋణ అయాన్ల ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించి చూపేది) 71 ప్రధానం, 134 దగ్గర ఇంకో చిన్న గుంపు. పొద్దుటికి ద్రావణం పసుపు దాటి గోధుమ రంగులోకి వచ్చింది.

ఎక్కడ పోతోందో చెప్పగలరా? తర్వాత మోనోఅయోడో (ఒక హైడ్రోజన్ చోట అయోడిన్), పెర్‌హైడ్రాక్సీ (అన్ని హైడ్రోజన్ల చోటా హైడ్రాక్సిల్) డెరివేటివ్‌లు చేయాలి.

రుషికొండ:

మీ ఎన్‌ఎమ్‌ఆరే జవాబు చెప్పేస్తోంది. మైనస్ 30 దగ్గరున్నది బి3హెచ్8. మూడు బోరాన్లు, ఎనిమిది హైడ్రోజన్లు ఒకదాని చోటులోకి ఒకటి తిరుగుతూ ఉంటాయి కాబట్టి బోరాన్లన్నీ ఒకేలా కనిపించి, ఎనిమిది హైడ్రోజన్లతో కలిసి తొమ్మిది గీతలుగా చీలుతుంది. గీతల మధ్య దూరం సుమారు 33 హెర్ట్జ్. అంచు గీతలు నాయిస్‌లో కలిసిపోయి చాలాసార్లు ఏడే కనిపిస్తాయి, దానికి కంగారు పడొద్దు. మైనస్ 42 క్వింటెట్ బోరోహైడ్రైడ్, గీతల మధ్య 81 హెర్ట్జ్. మైనస్ 15 డబ్లెట్ మీకు కావాల్సిన పంజరం.

అంటే మొదటి మెట్టు కొంతవరకు జరిగింది, రెండోది సగంలో ఆగిపోయింది. మిగిలిపోయిన బి3హెచ్8, బోరోహైడ్రైడ్ రెండూ ఆమ్లంలో పడి బోరిక్ ఆమ్లం అయిపోయాయి. ప్లస్ 19 దగ్గర గుట్ట అదే.

ముందు పాళ్లు చూద్దాం. మీరు మోల్స్‌లో బోరోహైడ్రైడ్ 3కి అయోడిన్ 1 తీసుకున్నారు, ఈ సమీకరణం ప్రకారం:

3 సోడియం బోరోహైడ్రైడ్ + 1 అయోడిన్ → 1 సోడియం బి3హెచ్8 + 2 సోడియం అయోడైడ్ + 2 హైడ్రోజన్

ఇది మొదటి మెట్టుకి సరైనదే. కానీ రెండో మెట్టులో 5 బి3హెచ్8 కలిసి 1 బి12హెచ్12 అయ్యేటప్పుడు 3 బోరోహైడ్రైడ్‌లు వెనక్కి వస్తాయి, 8 హైడ్రోజన్లు పోతాయి. వెనక్కి వచ్చినదాన్ని కూడా పంజరంలోకి లాగాలంటే మొత్తం లెక్క 12కి 5:

12 సోడియం బోరోహైడ్రైడ్ + 5 అయోడిన్ → 1 సోడియం బి12హెచ్12 + 10 సోడియం అయోడైడ్ + 18 హైడ్రోజన్

మీ 5.0 గ్రాములు అంటే 132 మిల్లీమోల్స్. దానికి అయోడిన్ 55 మిల్లీమోల్స్, అంటే 14.0 గ్రాములు. ట్రైఇథైల్‌అమ్మోనియం లవణం అణుభారం 346, కాబట్టి నూటికి నూరు వస్తే 3.8 గ్రాములు. సగం దక్కితే ఈ పద్ధతికి మంచి ఫలితమే.

కానీ అసలు నష్టం పాళ్లలో లేదు, ఆ 40 నిమిషాల్లో ఉంది. అయోడిన్ బోరోహైడ్రైడ్ నుంచి హైడ్రైడ్‌ని లాక్కుంటే పుట్టేది బోరేన్. పక్కనే బోరోహైడ్రైడ్ తీరిగ్గా దొరికితే బి2హెచ్7 మీదుగా బి3హెచ్8 అవుతుంది. అయోడిన్ తొందరగా పడితే బోరేన్లు రెండేసి జతకట్టి డైబోరేన్ అయి, వాయువుగా లేచి వెళ్లిపోతాయి. మీకు కనిపించిన తెల్లపొగ, అసిటోన్ వేడెక్కడం, రెండూ దాని గుర్తులే. దిగుబడి సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి. డైబోరేన్ విషవాయువు, తేమగాలి తగిలితే దానంతటదే అంటుకోగలదు. ఇదంతా బాగా లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి, అసిటోన్ బబ్లర్లు వరుసగా రెండు ఉండాలి. వాటికీ ఫ్లాస్కుకీ మధ్య ఒక ఖాళీ ట్రాప్ తప్పనిసరి. రాత్రి కరెంటు పోయి హాట్‌ప్లేట్ చల్లారిందంటే ఫ్లాస్కు లోపలికి పీల్చుకుంటుంది. ట్రాప్ లేకపోతే అసిటోన్ నేరుగా వేడి బోరోహైడ్రైడ్ మీద పడుతుంది. మీ స్కేలులో మొత్తం హైడ్రోజన్ దాదాపు 5 లీటర్లు వస్తుంది, కాబట్టి దారి ఎక్కడా మూసుకోకూడదు.

అయోడిన్ వేయడానికి 5, 6 గంటలు పెట్టుకోండి. ఒక్క చుక్క పడగానే గోధుమ మచ్చ విచ్చుకుంటుంది, గడ్డి రంగుకి మారుతుంది, మాయమవుతుంది. ద్రావణం మళ్లీ పాలలా తెల్లబడ్డాకే రెండో చుక్క. డ్రాపింగ్ ఫన్నెల్‌కి టెఫ్లాన్ స్టాప్‌కాక్ వాడండి. రబ్బరు సెప్టమ్‌ని అయోడిన్ తినేస్తుంది, గ్రీజుతో కూడా కలుస్తుంది.

ఇక వేడి. బాత్ 165 అంటే లోపల అంతకంటే తక్కువే. డైగ్లైమ్ 162 దగ్గర మరుగుతుంది, మామూలు రిఫ్లక్స్‌లో (ఆవిరిని చల్లార్చి తిరిగి ఫ్లాస్కులోకే పంపుతూ మరిగించడం) అక్కడే ఆగిపోతుంది. బి3హెచ్8 పంజరంగా మూసుకోవడానికి అది చాలా నెమ్మది. బాత్ 185కి పెంచి, కొంత డైగ్లైమ్‌ని నైట్రోజన్ కిందే డిస్టిల్ చేసి బయటికి తీయండి. సోడియం అయోడైడ్ కరిగి ఉంటుంది కాబట్టి ద్రావణి తగ్గేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పైకి పాకుతుంది. థర్మామీటర్ బాత్‌లో కాదు, ద్రవంలో ఉండాలి. 24 నుంచి 36 గంటలు పడుతుంది, కానీ గడియారం చూసి ఆపొద్దు. కొద్దిగా తీసి ఎన్‌ఎమ్‌ఆర్ చూడండి, మైనస్ 30 పూర్తిగా పోయాకే ఆపండి. అలాగే 100 డిగ్రీల మెట్టు అయ్యాక కూడా ఒకసారి చూడకుండా పైకి వెళ్లకండి. అక్కడ బి3హెచ్8 లేకపోతే పైన ఎన్ని గంటలు కాచినా పంజరం రాదు.

గాజువాక:

రుషికొండ గారు చెప్పినవి సరే. వర్కప్‌లో (రియాక్షన్ తర్వాత పదార్థాన్ని వేరుచేసే పనిలో) కూడా మీకు నష్టం జరుగుతోంది.

మొదట తేమ సంగతి. మన ఊళ్లో వానాకాలం గాలిలో బోరోహైడ్రైడ్ తూచడమే ఒక గండం. నీటిని పీల్చుకుని డైహైడ్రేట్‌గా మారుతుంది, పొడి కాస్తా ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన డబ్బాలోంచి 5.0 గ్రాములు తూస్తే అందులో బోరోహైడ్రైడ్ ఎంతో మీకు తెలియదు. కొత్త డబ్బాని నైట్రోజన్ సంచిలోనే చిన్న సీసాల్లోకి పంచుకుని, ఒక్కో రియాక్షన్‌కి ఒక్కో సీసా తెరవండి.

డైగ్లైమ్ విషయంలో రెండు మాటలు. పాత సీసాకి ముందు పెరాక్సైడ్ స్ట్రిప్ పరీక్ష చేయాలి. ఆరబెట్టడానికి లిథియం అల్యూమినియం హైడ్రైడ్ వేసి మామూలు పీడనంలో డిస్టిల్ చేయడం మాత్రం వద్దే వద్దు. డైగ్లైమ్ మరిగే వేడికి ఆ హైడ్రైడ్ విచ్ఛిన్నమవుతుంది, పేలుళ్లు జరిగాయి. వాక్యూమ్‌లో, తక్కువ వేడిలో డిస్టిల్ చేసుకోండి. ఇది సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీసే ద్రావణి, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి.

ఇక మీ 134. అది అయోడోడోడెకాబోరేట్. బి12హెచ్12 ద్రవ్యరాశి 141.8, రెండు ఋణావేశాలు, కాబట్టి 71 దగ్గర వస్తుంది. ఒక హైడ్రోజన్ స్థానంలో అయోడిన్ వస్తే 267.7, దాన్ని రెండుతో భాగిస్తే 133.9. గుంపులో గీతలు అర యూనిట్ దూరంలో ఉన్నాయో లేదో చూడండి. ఉంటే అనుమానం అక్కర్లేదు. కారణం కూడా మీరే చెప్పారు: పీహెచ్ 2లో రాత్రంతా వదిలేశారు. నిండా అయోడైడ్, ఆమ్లం, పైన గాలి. అయోడైడ్ ఆక్సీకరణ చెంది అయోడిన్ అయింది, అది పంజరానికి అతుక్కుంది. మీరు కావాలని చేయబోయే రియాక్షన్ మీకు తెలియకుండా అక్కడ జరిగిపోయింది.

వర్కప్ ఇలా మార్చండి. డైగ్లైమ్ వీలైనంత లాగేశాక ఫ్లాస్కుని ఐస్‌లో పెట్టి, నైట్రోజన్ కింద ముందు నీళ్లు, తర్వాత చుక్కచుక్కగా ఆమ్లం. ఒక్కసారి పోస్తే నురగ కండెన్సర్ దాకా వస్తుంది. హైడ్రోజన్ రావడం ఆగాక ద్రావణాన్ని 50 మిల్లీలీటర్ల దాకా తగ్గించి, 0 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. బోరిక్ ఆమ్లం గది వేడిలో 100 మిల్లీలీటర్లకి 5 గ్రాముల వరకు కరుగుతుంది, 0 దగ్గర సగానికి పడిపోతుంది. అభ్రకం ముక్కల్లా మెరిసే పలుచటి రేకులు తేలతాయి, చల్లగా ఉండగానే వడగట్టేయండి. పసుపు కనిపిస్తే సోడియం బైసల్ఫైట్ చిటికెడు. థయోసల్ఫేట్ వేయొద్దు, ఆమ్లంలో గంధకం విడిపోయి మొత్తం తెల్లగా మసకబారుతుంది. ఆ రోజే ట్రైఇథైల్‌అమీన్ దాకా వెళ్లిపోవాలి, మర్నాటికి ఉంచకూడదు.

అమీన్ వేసేటప్పుడు పీహెచ్ 6 దాటనివ్వకండి. అవక్షేపం పడేది అమ్మోనియం అయాన్‌తో, అమీన్‌తో కాదు. ఎక్కువ పోస్తే లాభం లేదు, బోరేట్ కూడా తోడొస్తుంది.

పెందుర్తి:

ఇంత అవస్థ ఎందుకు? ట్రైఇథైల్‌అమీన్-బోరేన్ ద్రవం దొరుకుతుంది కదా. బోరోహైడ్రైడ్ 2కి అది 10 చొప్పున కలిపి 190 డిగ్రీల దగ్గర కాస్తే పంజరం వస్తుంది. అయోడిన్ లేదు, అయోడైడ్ లేదు, కాబట్టి 134 గొడవా లేదు. లేదంటే డైగ్లైమ్ బదులు ట్రైగ్లైమ్ వాడినా సరిపోతుంది, 216 దాకా మరగదు.

రుషికొండ:

అమీన్-బోరేన్ దారి శుభ్రమైనదే, ఒప్పుకుంటాను. కాకపోతే బోరాన్‌లో ఎక్కువ భాగం ఖరీదైన రియేజెంట్ నుంచి రావాలి, విడుదలయ్యే 10 పాళ్ల ట్రైఇథైల్‌అమీన్‌ని 190 డిగ్రీల్లో హైడ్రోజన్‌తో పాటు బయటికి పంపాలి. అమీన్ వెళ్లే దారి సరిగ్గా లేకపోతే ఉష్ణోగ్రతే పైకి ఎక్కదు. 5 గ్రాముల స్కేలులో, మొదటిసారి చేసేవాళ్లకి నేనైతే అయోడిన్ దారే చెబుతాను. ట్రైగ్లైమ్‌తో వేడి సులువుగా అందుతుంది గానీ చివర్లో దాన్ని లాగేయడం నరకం. జిగురుగా మిగిలిపోయి లవణాన్ని పడనివ్వదు.

డెకాబోరేన్‌తో మొదలుపెట్టమని ఎవరైనా అంటే వినకండి. దానికి ట్రైఇథైల్‌అమీన్ వేసి జైలీన్‌లో కాస్తే వచ్చేది బి10హెచ్10, వేరే పంజరం. పైగా డెకాబోరేన్ చర్మం గుండా కూడా లోపలికి వెళ్లే విషం.

సాగర్‌నగర్:

అందరికీ చాలా థ్యాంక్స్. థర్మామీటర్ బాత్‌లోనే ఉంది, లోపల చూడలేదు. మాస్‌లో అర యూనిట్ దూరం నిజంగానే ఉంది. ఎన్‌ఎమ్‌ఆర్‌లో సున్నా నుంచి మైనస్ 20 దాకా అడుగున ఒక పెద్ద వాపు కూడా వస్తోంది, అది ఏ పదార్థం? సీజియం లవణంగా మార్చడానికి సీజియం క్లోరైడ్ వాడితే సరిపోతుందా?

గాజువాక:

ఆ వాపు మీ పదార్థం కాదు, ట్యూబుది. మామూలు ఎన్‌ఎమ్‌ఆర్ ట్యూబు బోరోసిలికేట్ గాజు, దాని బోరానే కనిపిస్తోంది. క్వార్ట్జ్ ట్యూబు ఒకటి సంపాదించండి.

సీజియం క్లోరైడ్ వద్దు. అది ఎక్కువైతే సీజియం బి12హెచ్12తో పాటు ఒక సీజియం క్లోరైడ్ కూడా స్ఫటికంలో కూర్చుని జంట లవణం వస్తుంది. అణుభారం 408 అనుకుని తూస్తే అక్కడ 576 ఉంటుంది. దిగుబడి నూటికి నూట నలభై వచ్చిందని సంబరపడి, తర్వాతి రియాక్షన్‌లో పాళ్లన్నీ తప్పుతారు. సీజియం హైడ్రాక్సైడ్ వాడండి: 1.00 గ్రాము ట్రైఇథైల్‌అమ్మోనియం లవణానికి మోనోహైడ్రేట్ 0.97 గ్రాములు, నీళ్లు 20 మిల్లీలీటర్లు. హుడ్‌లో మరిగిస్తే ట్రైఇథైల్‌అమీన్ ఆవిరైపోతుంది. ఆవిరి మీద తడి పీహెచ్ కాగితం పట్టుకుంటే అది నీలం తిరగడం మానేసేదాకా కాచి, చల్లార్చండి. సీజియం లవణం చల్లటి నీళ్లలో పెద్దగా కరగదు, వేడి నీళ్లలోంచి మరోసారి స్ఫటికీకరిస్తే చాలు. మొత్తం దక్కితే 1.18 గ్రాములు.

ఎంవీపీ కాలనీ:

ఇక రియాక్షన్ల సంగతి నేను చెబుతాను, నాకిష్టమైన భాగం ఇదే.

లాంగెట్-హిగ్గిన్స్, రాబర్ట్స్ 1955లో కాగితం మీద లెక్కవేసి, ఇరవై ముఖాల బి12హెచ్12కి రెండు ఋణావేశాలు ఉంటేనే నిలుస్తుందన్నారు. 1960లో పిటోచెల్లి, హాథార్న్ దాన్ని చేసి చూపించారు. వేడ్ నియమాలతో (పంజరానికి ఎన్ని ఎలక్ట్రాన్ జతలు కావాలో చెప్పేవి) లెక్కపెడితే ఒక్కో బీహెచ్ నుంచి 2 ఎలక్ట్రాన్లు, మొత్తం 24, రెండు ఆవేశాలతో 26. అంటే 13 జతలు, 12 మూలల పంజరానికి కావాల్సిన 12+1 సరిగ్గా కుదిరింది. అందుకే బోరోహైడ్రైడ్ విరిగిపోయే ఆమ్లంలో ఇది చెక్కుచెదరదు. పంజరం అలాగే ఉండి, బయటి హైడ్రోజన్లు మాత్రం ఒక్కొక్కటిగా మారతాయి. బెంజీన్‌ని తలుచుకోండి, దాదాపు అదే పద్ధతి.

మోనోఅయోడోకి: సీజియం లవణం 0.41 గ్రాములు, అంటే 1 మిల్లీమోల్, నీళ్లు, మిథనాల్ మిశ్రమంలో. అయోడిన్ 0.254 గ్రాములు మిథనాల్‌లో కరిగించి, ఐస్ బాత్‌లో చుక్కలుగా. ఒక అయోడిన్ పరమాణువు పంజరానికి, రెండోది హైడ్రోఅయోడిక్ ఆమ్లంగా పోతుంది, కాబట్టి 1కి 1. తొందరపడితే ఒక చోట డైఅయోడో, ఇంకో చోట మారనిది, రెండూ మిగులుతాయి. వాటిని తర్వాత విడదీయడం చాలా కష్టం, ముందే రాకుండా చూసుకోవడం మేలు. సరిగ్గా వచ్చిందో లేదో ఎన్‌ఎమ్‌ఆర్‌లో తేలుతుంది: ఒక్క డబ్లెట్ స్థానంలో 1:5:5:1 వరుస రావాలి, మధ్య రెండు ఐదులు ఒకదాని మీద ఒకటి పడొచ్చు. అదే శాంపిల్‌ని ప్రోటాన్ డీకప్లింగ్‌తో (హైడ్రోజన్ల వల్ల వచ్చే చీలికని తీసేసే అమరిక), అది లేకుండా రెండుసార్లు తీయండి. డీకప్లింగ్ తీసేసినా చీలకుండా ఒంటి గీతగా నిలిచేది అయోడిన్ కూర్చున్న బోరాన్. టీఎల్‌సీ ప్లేటు (పదార్థాలని మచ్చలుగా విడదీసే పలుచటి పొర) మీద చూడాలంటే పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పెలాడియం క్లోరైడ్ ద్రావణంలో ముంచండి, బీహెచ్ ఉన్న మచ్చలు నల్లబడతాయి. అతినీలలోహిత దీపం కింద ఈ పంజరాలు కనపడవు.

పెర్‌హైడ్రాక్సీ: ఇక్కడ ప్రతి మాటా జాగ్రత్తగా చదవండి. సీజియం లవణం, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, రిఫ్లక్స్, రోజుల తరబడి. పన్నెండు హైడ్రోజన్లూ హైడ్రాక్సిల్స్ అవుతాయి, డబ్లెట్ ఒకే సింగ్లెట్‌గా (ఒంటి గీతగా) మారుతుంది. ట్రైఇథైల్‌అమ్మోనియం లవణాన్ని మాత్రం ఇందులో వేయకూడదు. వేడి గాఢ పెరాక్సైడ్‌లో అమీన్ అంటే ఇంధనం, ఆక్సిడెంట్ ఒకే కుండలో పెట్టినట్టే. అందుకే పైన గాజువాక గారు చెప్పిన పీహెచ్ కాగితం పరీక్షని తేలిగ్గా తీసుకోకండి, అమీన్ పూర్తిగా పోయిందని అదే మీకు హామీ. మిథనాల్‌తో కడిగిన స్ఫటికాలైతే బాగా ఆరబెట్టాకే వాడండి. మొదటిసారి అర గ్రాము దాటొద్దు, బ్లాస్ట్ షీల్డ్ వెనకే చేయండి, స్టీలు సూదులు, స్పాచులాలు అందులో ముంచొద్దు.

అన్నీ క్లోరిన్లు కావాలంటే క్లోరిన్ సిలిండర్ అక్కర్లేదు. అసిటోనైట్రైల్‌లో సల్ఫ్యూరిల్ క్లోరైడ్‌తో రిఫ్లక్స్ చేసినా బి12సీఎల్12 వస్తుంది, మైనస్ 13 దగ్గర సింగ్లెట్. వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్‌లని క్షారం ఉన్న స్క్రబ్బర్‌కి పంపండి.

పెందుర్తి:

బోరాన్ న్యూట్రాన్ చికిత్సలో (కణితిలో చేరిన బోరాన్ మీద న్యూట్రాన్లు పంపే పద్ధతి) వాడే బీఎస్‌హెచ్ అనే పదార్థం కూడా ఈ పంజరమే కదా? మోనోఅయోడో నుంచి చేయవచ్చా?

ఎంవీపీ కాలనీ:

అవును, ఒక హైడ్రోజన్ స్థానంలో థయోల్ (ఎస్‌హెచ్ గుంపు) ఉన్న బి12హెచ్11. జపాన్‌లో న్యూరోసర్జన్ హటనాకా 1968 నుంచి మెదడు కణితులకి వాడారు. కానీ అయోడో నుంచి కాదు. బోరాన్-అయోడిన్ బంధం ఇక్కడ గట్టిది, మామూలు న్యూక్లియోఫైల్స్‌తో (ఎలక్ట్రాన్ జతనిచ్చే రియేజెంట్లతో) కదలదు. అయోడిన్‌ని గంధకంతో మార్చుదామని కూర్చుంటే రోజులు పోతాయి. చికిత్సకి బోరాన్-10 నిండిన పదార్థం కావాలి, సహజ బోరాన్‌లో అది 20 శాతమే. ఆమైనో డెరివేటివ్ కావాలంటే హైడ్రాక్సిల్‌అమీన్-ఓ-సల్ఫోనిక్ ఆమ్లంతో నీళ్లలోనే చేయొచ్చు. పొడవాటి చెయ్యి తగిలించాలంటే డయాక్సేన్ ఆక్సోనియం చేసి, ఆ వలయాన్ని న్యూక్లియోఫైల్‌తో తెరవడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

సాగర్‌నగర్:

ఈ వారం 14 గ్రాముల అయోడిన్‌తో, లోపల థర్మామీటర్ పెట్టి మళ్లీ మొదలుపెడతాం. ఒక్క సందేహం: హైడ్రాక్సిలేషన్ అయ్యాక మిగిలిన పెరాక్సైడ్‌ని ఎలా వదిలించాలి? నేరుగా రోటా (వాక్యూమ్‌లో ద్రవాన్ని ఆవిరిచేసే యంత్రం) మీద లాగేయొచ్చా?

ఎంవీపీ కాలనీ:

వద్దు. లాగేకొద్దీ పెరాక్సైడ్ గాఢమవుతుంది, అదే ప్రమాదం. ముందు చల్లార్చండి. ఉత్పత్తి చాలావరకు అప్పుడే స్ఫటికంగా పడుతుంది, దాన్ని వడగట్టి చల్లటి నీళ్లతో కడగండి. మిగిలిన ద్రవాన్ని పది రెట్ల నీళ్లతో పలుచన చేసి, ఐస్‌లో పెట్టి, మాంగనీస్ డయాక్సైడ్ చిటికెడు వేయండి. బుసబుసమని ఆక్సిజన్ వస్తుంది, పాత్ర సగానికి మించి నిండి ఉండకూడదు. బుడగలు ఆగాక పెరాక్సైడ్ స్ట్రిప్ పెట్టి చూడండి, రంగు రాకపోతేనే తర్వాతి పని. గాజుసామాను అసిటోన్‌తో కడగడం ఆ తర్వాతే. అసిటోన్, పెరాక్సైడ్, ఆమ్లం మూడూ ఒకే వేస్ట్ క్యాన్‌లో కలిశాయంటే పేలే పెరాక్సైడ్ తయారవుతుంది. ఆ క్యాన్‌కి వేరే లేబుల్ ఈ రోజే అంటించండి.